హైదరాబాద్ నుంచి డల్లాస్ ఎంత దూరం, ఎన్ని గంటలు? నల్లగొండ ఇంటి నుంచి లెక్క

అడిగిన ప్రశ్న ఇది: "అమ్మ, నాయిన మొదటిసారి విమానం ఎక్కుతున్నారు. ఇద్దరికీ అరవై దాటినయ్. నల్లగొండ నుంచి డల్లాస్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి పోవాలి. గూగుల్‌లో 14,400 కిలోమీటర్లు అని వస్తోంది, తమ్ముడేమో 8,950 మైళ్లు అంటాడు. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతే 16 గంటల్లో చేరాలి కదా. దోహా మీదుగా పోయే ఒక టికెట్‌లో 22 గంటల 45 నిమిషాలు, ఇంకోదాంట్లో 31 గంటలు చూపిస్తున్నారు. మొదటిదాంట్లో టైములు చూస్తే తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కి అదే రోజు సాయంత్రం 4:15కు దిగుతారట. అంటే 12 గంటలేనా? ఏది నమ్మాలి? నల్లగొండలో ఎన్నింటికి బయల్దేరాలి? వాళ్లు గాల్లో ఉన్నప్పుడు ఎక్కడున్నదీ మాకు తెలుస్తుందా?"

చెల్లె, మీరు రాసిన అంకెల్లో తప్పుడుది ఒక్కటీ లేదు. ఒక్కో అంకె ఒక్కోదాన్ని కొలుస్తోంది, అందుకే పొంతన కుదరట్లేదు. నల్లగొండలో టికెట్లు, వీసా ఫారాల పని చేస్తూ ఏళ్లు గడిచినయ్. మన జిల్లా నుంచి పిల్లల దగ్గరికి పోయే తల్లిదండ్రులను మస్తుమందిని పంపించిన. ఆ అనుభవంతో ఒకటి ముందే చెప్తా: కిలోమీటర్ల గురించి అంతగా ఆలోచించకండి. ఏ దారిన పోయినా దూరం దాదాపు ఒకటే. తేడా అంతా మధ్యలో దిగి ఆగే చోటే వస్తుంది.

ముందు ఆ 14,400. శంషాబాద్ విమానాశ్రయానికి, డల్లాస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికి మధ్య భూమి ఉపరితలం మీద అతి దగ్గరి దారి అంత ఉంటుంది. మైళ్లలోకి మారిస్తే మీ తమ్ముడు చెప్పిన 8,950. పైలట్లు వాడే నాటికల్ మైళ్లలో (ఒకటంటే 1.852 కిలోమీటర్లు) 7,780 దాకా వస్తుంది. మూడూ ఒకే దూరం. సీటు ముందున్న తెర మీద మైళ్లు చూసి "ఇంత తక్కువనా" అని నాయిన అనుకోకుండా ముందే చెప్పండి.

ఆ దగ్గరి దారి ఎటు పోతుందో చూస్తే విచిత్రంగా ఉంటుంది. గోడకు వేలాడే మ్యాపు మీద గీత గీస్తే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పడమటికి పోవాలి అనిపిస్తుంది. పిల్లల గ్లోబు ఒకటి తీసుకుని హైదరాబాద్ మీద, డల్లాస్ మీద దారం బిగించి పట్టుకోండి. దారం నేరుగా ఉత్తరానికి ఎక్కుతుంది. ఢిల్లీ దాపుల్లోంచి హిమాలయాలు, కజకిస్తాన్, సైబీరియా దాటి 85 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా, అంటే ఉత్తర ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల దూరం దాకా పోయి, అటువైపు కెనడా మీదుగా దిగుతుంది. కారణం ఏమంటే డల్లాస్ మనకు దాదాపు భూమి అవతలి వైపున ఉంది. రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా 175 డిగ్రీలు. 180 అయితే దారి సరిగ్గా ధ్రువం మీదుగానే పోయేది. బల్లపరుపు మ్యాపులో ధ్రువం దగ్గరి నేలంతా సాగదీసి గీస్తారు కాబట్టి ఈ సంగతి కంటికి ఆనదు.

మరి ఆ దారిలో నేరుగా పోయే విమానం ఎందుకు లేదు అని తర్వాత ఎలాగూ అడుగుతారు. విమానానికి అంత దమ్ము లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు ఎయిర్‌బస్ ఎ350 రకం విమానం 15,300 కిలోమీటర్లు ఆగకుండా పోతోంది, పద్దెనిమిది గంటల పైన పడుతుంది. మన హైదరాబాద్ నుంచి కూడా 2021 జనవరిలో ఎయిర్ ఇండియా షికాగోకు నేరుగా సర్వీసు మొదలుపెట్టింది, తర్వాత ఆపేసింది. అంత దూరం పోవాలంటే బయల్దేరేటప్పుడే టన్నులకొద్దీ ఇంధనం ఎత్తుకోవాలి. దారిలో కొంత ఇంధనం, మిగతా ఇంధనాన్ని మోయడానికే కరిగిపోతుంది. ఆ బరువు కోసం సీట్లో, సరుకో తగ్గించుకోవాలి. పైగా ధ్రువం దగ్గరి చలికి ఇంధనం గడ్డకట్టకుండా చూసుకోవాలి. మామూలుగా వాడే జెట్ ఎ1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ఇంజన్‌కు ఏమన్నా అయితే దిగడానికి ఎక్కడో ఒక విమానాశ్రయం అందుబాటులో ఉండాలి. ఇన్ని తిప్పలు పడి నడిపినా, ఒక్క డల్లాస్ వాళ్లతోనే రోజూ విమానం నిండాలి. అందుకే కంపెనీలు దోహా, దుబాయ్, లండన్ లాంటి చోట నలుదిక్కుల జనాన్ని పోగేసి అక్కడి నుంచి ఇంకో విమానం ఎక్కిస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. హైదరాబాద్ నుంచి దోహా 2,900 కిలోమీటర్లు, అక్కడి నుంచి డల్లాస్ 12,750. మొత్తం 15,650. దుబాయ్ మీదుగా పోతే 15,500. లండన్ మీదుగా 15,400. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా కూడా కొంచెం అటూఇటూగా అంతే. చూసిన్రా? దారికి దారికి మధ్య తేడా 300 కిలోమీటర్లు మించడం లేదు. విమానానికి అది ఇరవై నిమిషాల పని. నేరుగా పోయే ఊహా దారితో పోల్చినా వెయ్యి పన్నెండు వందలే ఎక్కువ, గంటన్నర లోపు. కాబట్టి "ఏ దారి దగ్గర?" అనే ప్రశ్నను పక్కన పెట్టేయండి.

గంటల లెక్క దగ్గర మాత్రం 900తో భాగిస్తే సరిపోదు. 900 అనేది పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో సాఫీగా పోయేటప్పటి వేగం. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అంత ఉండదు. టికెట్ మీద రాసేది గాల్లో ఉన్న సమయం కాదు, ఇక్కడ గేటు దగ్గర కదిలిన క్షణం నుంచి అక్కడ గేటు దగ్గర ఆగిన క్షణం దాకా. రన్‌వే కోసం వరుసలో నిలబడిన సమయం అందులోనే. దారి కూడా దారం పట్టినట్టు ఉండదు. యుద్ధాలు, మూసేసిన గగనతలాలు తప్పించుకుంటూ పోవాలి. 2022 నుంచి ఐరోపా, అమెరికా కంపెనీల విమానాలను రష్యా తన మీదుగా పోనివ్వడం లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన కంపెనీల విమానాలకు తన గగనతలం మూసింది.

ఇంకొకటి గాలి. ఆ ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు ఒక గాలి నది పారుతుంటుంది, జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. అమెరికాకు పోయేటప్పుడు దానికి ఎదురీదాలి, వచ్చేటప్పుడు అదే వెనక నుంచి తోస్తుంది. అందుకే దోహా నుంచి డల్లాస్ పోవడానికి 16 గంటల పైన పడితే, డల్లాస్ నుంచి దోహా రావడానికి పద్నాలుగున్నర చాలు. విమానాలు రోజూ ఒకే దారిన పోవు, ఆ రోజు గాలిని బట్టి దారి గీస్తారు. ఒకరోజు ఐస్‌లాండ్ పైనుంచి పోతే, ఇంకోరోజు బాగా కిందికి వస్తుంది.

మీ పెద్దవాళ్ల విషయంలో నేను అడిగే మొదటి ప్రశ్న ఇది: నాయిన పదహారు గంటలు ఒకే సీట్లో కూర్చోగలరా? దోహా, దుబాయ్ దారిలో మొదటి విమానం నాలుగు నాలుగున్నర గంటలు, రెండోది పదహారు. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ దారిలో రెండూ పదేసి గంటల చుట్టూ ఉంటాయి. మోకాళ్ల నొప్పులు, ప్రొస్టేట్ సమస్య, కాళ్ల వాపు ఉన్నవాళ్లకు రెండు పదులే నయం అని నా అభిప్రాయం. మధ్యలో దిగి నాలుగడుగులు నడుస్తారు. అయితే గల్ఫ్ దారికి ఒక పెద్ద సుఖం ఉంది. హైదరాబాద్ నుంచి దోహా, దుబాయ్ పోయే విమానాల్లో మనవాళ్లు ఎక్కువ. కరీంనగర్ ఆయన ఒకరు, పాలమూరు ఆయన ఒకరు పక్కన కూర్చుంటారు, ఆ విమానాశ్రయాల్లో కూడా తెలుగు వినిపిస్తుంది. ఇంగ్లిష్ రాని అమ్మకు అది చిన్న ధైర్యం కాదు. ఏది ముఖ్యమో మీ ఇంట్లోనే తేల్చుకోండి. ఐరోపా దారి పట్టేటట్టయితే, పాస్‌పోర్టులో చెల్లే అమెరికా వీసా ఉండి, విమానాశ్రయం లోపలే ఉండేవాళ్లను మామూలుగా వేరే ట్రాన్సిట్ వీసా అడగరు. అయినా టికెట్ కొనేముందు కంపెనీని ఒకమాట అడగండి, ఈ నిబంధనలు మారుతుంటాయి.

ఆ 22 గంటల 45 నిమిషాల టికెట్ నేనైతే కొనను. విడగొట్టి చూడండి: నాలుగున్నర గంటలు, దోహాలో రెండు గంటలు, తర్వాత పదహారుంబావు. ఆ రెండు గంటలే ప్రమాదం. కాగితం మీద చెల్లుతుంది, కంపెనీ అమ్ముతుంది కూడా. కానీ అమెరికా విమానం ఎక్కేవాళ్లకు అక్కడ మళ్లీ తనిఖీలు ఉంటాయి, గేటు చాలా ముందే మూస్తారు. శంషాబాద్‌లో విమానం నలభై నిమిషాలు ఆలస్యమైతే మొదటిసారి పోయే పెద్దవాళ్లు పరుగెత్తలేరు. పైగా ఆ ప్రాంతం పరిస్థితి ఎప్పుడెట్లుంటుందో చెప్పలేం. 2025 జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేస్తే ఎన్నో విమానాలు దారి మళ్లాయి. 31 గంటల టికెట్ కూడా వద్దు. అందులో పది గంటలు దోహా కుర్చీల మీదే పోతాయి, పది వేలు తగ్గినా సరే. మధ్యలో మూడున్నర నుంచి ఐదు గంటలు ఆగే టికెట్ వెతకండి. మొత్తం 24 నుంచి 26 గంటల మధ్య తేలుతుంది. పెద్దవాళ్లకు సరైన ప్రయాణం అదే.

టికెట్ ఎంచుకునేటప్పుడు ఇంకో మాట చాలా గట్టిగా చెప్తున్నా. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. హైదరాబాద్ నుంచి దోహాకు ఒకటి, దోహా నుంచి డల్లాస్‌కు వేరొకటి విడిగా కొంటే చవకగా కనిపిస్తుంది. మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే ఎవరూ బాధ్యత తీసుకోరు, కొత్త టికెట్ డబ్బులు మీవే. ఒకే పీఎన్ఆర్ అయితే తర్వాతి విమానంలో ఎక్కించాల్సిన బాధ్యత కంపెనీది, పెట్టెలు కూడా శంషాబాద్‌లో వేస్తే నేరుగా డల్లాస్‌లోనే తీసుకుంటారు. వీల్‌చైర్ కూడా టికెట్‌తోపాటే రాయించండి, దానికి డబ్బులు తీసుకోరు. నడవగలిగిన వాళ్లకు కూడా రాయించమనే చెప్తా. దోహాలో గేట్లు దూరం, బోర్డులు చదువుకుంటూ తిరగడం కన్నా తోసేవాళ్ల వెంట పోవడం నయం.

ఇగ పన్నెండు గంటల మాయ. భారత కాలం గ్రీనిచ్ కన్నా ఐదున్నర గంటలు ముందు. డల్లాస్ ఎండాకాలంలో ఐదు గంటలు వెనక, చలికాలంలో ఆరు గంటలు వెనక. కాబట్టి మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా మనకూ వాళ్లకూ తేడా పదిన్నర గంటలు, మిగతా నెలల్లో పదకొండున్నర. మీ టికెట్‌లో తెల్లవారి 4 నుంచి సాయంత్రం 4:15 దాకా గడియారం చూపించేది పన్నెండుంబావు. దానికి పదిన్నర కలపండి, సరిగ్గా 22 గంటల 45 నిమిషాలు. పోయేటప్పుడు తేడాను కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి. ఇంతే సూత్రం. వాళ్లు డల్లాస్‌లో దిగేటప్పుడు మన దగ్గర మరుసటి తేదీ తెల్లవారుజాము 2:45 అవుతుంది. ఫోన్ కోసం మేలుకుని కూర్చోవాల్సింది ఆ వేళకు.

నాయినకు షుగర్ మాత్రలో, ఇన్సులినో ఉంటే ఈ లెక్కను డాక్టర్‌కు చూపించండి. గడియారం ప్రకారం అదే తేదీ కాబట్టి "ఈ రోజు మాత్ర వేసుకున్న కదా" అనుకుంటారు, కానీ ఒంటికి అప్పటికే ఒక రోజు గడిచిపోయి ఉంటుంది. ఎప్పుడు ఏది వేసుకోవాలో తెలుగులో ఒక చీటీ రాయించి జేబులో పెట్టండి. మందులు చేతి సంచిలోనే ఉండాలి, చీటీతో సహా. గంటకోసారి లేచి నడవమనండి, నీళ్లు తాగమనండి. బాత్రూంకు లేవడం బెరుకై నీళ్లు మానేసేవాళ్లే కాళ్లు ఉబ్బి దిగుతారు, అందుకే నడవా పక్క సీటు అడగాలి.

నల్లగొండ నుంచి బయల్దేరే టైము. ఇంటి నుంచి శంషాబాద్ 120 కిలోమీటర్ల చుట్టూ ఉంటుంది. నార్కట్‌పల్లి దగ్గర 65వ జాతీయ రహదారి ఎక్కి, చౌటుప్పల్ దాటి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పట్టాలి. ఊళ్లోకి, ఎల్బీనగర్‌కు పోనక్కర్లేదు. రాత్రిపూట రెండున్నర గంటలు అనుకోండి. 4 గంటల విమానానికి అర్ధరాత్రి ఒంటిగంటకల్లా కౌంటర్ దగ్గర ఉండాలి, అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు అనే మాట ఊరికే చెప్పరు. కాబట్టి గంటన్నర చేతిలో ఉంచుకుని రాత్రి 9 గంటలకు గడప దాటండి. సంక్రాంతి సెలవులు ముగిసే రోజుల్లో అయితే ఇంకో రెండు గంటలు ముందుకు జరపండి, హైదరాబాద్‌కు తిరిగొచ్చే కార్లతో పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరుతాయి. అప్పుడు చండూరు, మర్రిగూడ వైపు నుంచి మాల్ అనే ఊరు చేరి, సాగర్ రోడ్డున ఇబ్రహీంపట్నం మీదుగా బొంగులూరు దగ్గర ఔటర్ ఎక్కడం కొందరికి అలవాటు. రోడ్డు సన్నం, రాత్రి కొత్త డ్రైవర్‌తో వద్దు. ఈ విషయంలో పాలమూరు వాళ్లు అదృష్టవంతులు: జడ్చర్ల, షాద్‌నగర్ దాటి 44వ రహదారిలో వస్తుంటే హైదరాబాద్ కన్నా ముందే శంషాబాద్ తగులుతుంది. కల్వకుర్తి వాళ్లు కూడా శ్రీశైలం రోడ్డున తుక్కుగూడ దగ్గరికే వచ్చేస్తారు.

తేదీ సంగతి మరచిపోవద్దు. టికెట్ మీద 16వ తేదీ 4:00 అని ఉంటే అది 15వ తేదీ రాత్రి పడుకోవాల్సిన వేళ దాటాక వచ్చే నాలుగు. 15న రాత్రి 9కే ఇల్లు వదలాలి. 16న రాత్రి బయల్దేరి, విమానం పోయిన పదిహేడు గంటలకు ఊరి నుంచి కారెక్కిన కుటుంబాలు నాకు తెలుసు. క్యాలెండర్ మీద 15వ తేదీ గడిలో ఎర్ర పెన్నుతో "రాత్రి 9, ఇల్లు" అని రాసి పెట్టండి, విమానం టైము రాయకండి.

డల్లాస్‌లో దిగాక ఇమిగ్రేషన్, పెట్టెలు కలిపి గంట నుంచి రెండు గంటలు. తమ్ముడి ఇంటి పూర్తి చిరునామా, ఫోన్ నంబరు కాగితం మీద ఉండాలి, ఫోన్‌లో చార్జింగ్ పోతే అదే దిక్కు. పెట్టెల్లో పచ్చి కరివేపాకు, పండ్లు, మాంసం పచ్చళ్లు వద్దు, తీసి పారేస్తారు. చెప్పకుండా దాచితే జరిమానా కూడా. ఇవన్నీ కూడితే, 22 గంటల 45 నిమిషాల టికెట్‌తోనే నల్లగొండ గడప నుంచి డల్లాస్ గడపకు 32 గంటల చుట్టూ అవుతుంది. నేను చెప్పిన టికెట్‌తో 34, 35. బంధువులు అడిగితే "ఒకటిన్నర రోజు" అని చెప్పండి, గంటల్లో చెప్పొద్దు. దిగిన సాయంత్రం వాళ్లను తొమ్మిది దాకా నిద్రపోనివ్వకుండా మాటల్లో పెట్టమని తమ్ముడికి చెప్పండి. లేకపోతే అర్ధరాత్రి రెండింటికి లేచి కూర్చుంటారు.

తిరుగు ప్రయాణంలో తేదీలు ఇంకా తికమక పెడతాయి. ఉదాహరణకు ఎండాకాలంలో 1వ తేదీ సాయంత్రం 6:30కు డల్లాస్‌లో ఎక్కితే, పద్నాలుగున్నర గంటలకు దోహాలో 2వ తేదీ సాయంత్రం 5. అక్కడ మూడు గంటలు ఆగి, నాలుగుంబావు గంటల్లో శంషాబాద్ వస్తే 3వ తేదీ తెల్లవారుజాము 2:45. మూడు తేదీలు దాటినా ప్రయాణం 21 గంటల 45 నిమిషాలే. కారు డ్రైవర్‌కు 2వ తేదీ రాత్రి రమ్మని చెప్పాలి.

చివరి ప్రశ్నకు జవాబు: తెలుస్తుంది. ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో విమానం నంబరు కొడితే మ్యాపు మీద కనిపిస్తుంది. రెండు విమానాలకు రెండు నంబర్లు ఉంటాయి, రెండోది కూడా రాసిపెట్టుకోండి, చాలామంది మొదటిదాన్నే చూస్తూ "దోహాలోనే ఆగిపోయింది" అని కంగారుపడతారు. అట్లాంటిక్ మీదికి, గ్రీన్‌లాండ్ వైపు పోయాక కాసేపు బొమ్మ కనిపించకపోవచ్చు, లేదా అంచనా మీద కదులుతున్నట్టు చూపిస్తుంది. విమానం పంపే సంకేతాన్ని అందుకునే పరికరాలు ఎక్కువగా నేల మీద ఉంటాయి, సముద్రం మధ్యలో ఉండవు. కెనడా తీరం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ దొరుకుతుంది. అక్కడి నుంచి డల్లాస్‌కు ఇంకా ఐదారు గంటలు ఉంటుంది, అమ్మకు ఫోన్ చేసే ముందు ఒక కునుకు తీయొచ్చు.